ఆఫీసు ఏఐకి సూచనలు ఎక్కడ రాయాలి? నాలుగు చోట్ల మధ్య ఒక పోలిక

పోయిన ఏడాది మా ప్యాకింగ్ విభాగంలో ఒకరి తండ్రి చనిపోయారు. కంపెనీ తరఫున ఆ కుటుంబానికి సంతాప లేఖ పంపాలి. డిస్పాచ్ హడావిడిలో ఉండి, ఏఐ అసిస్టెంట్‌కు విషయం చెప్పి చిత్తుప్రతి అడిగాను. అరనిమిషంలో వచ్చింది. పలకరింపు లేదు. మూడు పాయింట్లు ఉన్నాయి. మొదటిది ‘విషయం’, రెండోది ‘సంతాపం’, మూడోది ‘తదుపరి చర్యలు’.

దాన్ని తిట్టుకుని లాభం లేదు. అంతకు నెల ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘ఎప్పుడూ పాయింట్ల రూపంలోనే రాయి, పలకరింపులు వద్దు, నేరుగా విషయంలోకి రా’ అని రాసిపెట్టింది నేనే. కొటేషన్ల కోసం, టెండర్ పత్రాల సారాంశాల కోసం రాసుకున్న మాటలవి. ఆ పనుల్లో చక్కగా కుదిరాయి కూడా. కాకపోతే నేను వాటిని రాసింది, అడిగే ప్రతి పనికీ వర్తించే చోట.

ఏఐని మన పనికి తగ్గట్టు మలచుకోవడం గురించి ఎవరిని కదిపినా ఏం రాయాలో చెబుతారు. నా అనుభవంలో సగం తలనొప్పులు ఎక్కడ రాయాలో తేల్చుకోకపోవడం వల్ల వచ్చినవే. అందుకే ఈ పోలిక ఎక్కువగా చోట్ల గురించి. నేను హైదరాబాద్ బాలానగర్‌లో పంపులు, వాల్వులు సరఫరా చేసే ఒక చిన్న కంపెనీలో ఉత్తరప్రత్యుత్తరాలు, కొటేషన్లు, బకాయిల వసూలు చూస్తాను. ప్రోగ్రామర్‌ను కాను. ఇంచుమించు నాలాంటి బల్ల ముందు కూర్చునేవారికే ఈ సలహా.

లోపల జరిగేది ఇంతే

సూచనలు రాసి సేవ్ చేస్తే ఏఐ వాటిని నేర్చేసుకుంటుందని చాలామంది అనుకుంటారు. నేర్చుకోదు. మీరు కొత్త సంభాషణ మొదలుపెట్టిన ప్రతిసారీ, మీ ప్రశ్నకు ముందు ఆ సూచనలు ఒక చీటీలా జతై లోపలికి వెళ్తాయి. ఆ చీటీ మీకు కనిపించదు, అంతే. ఏఐ దాన్ని ప్రతిసారీ కొత్తగా చదువుతుంది, మొన్న చదివిన సంగతి దానికి గుర్తుండదు.

ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. చీటీలో ఉన్న ప్రతి మాటా, అవసరమున్నా లేకున్నా, ప్రతి జవాబు మీదా నీడలా పడుతుంది. ‘నాకు క్రికెట్ ఇష్టం’ అని సరదాకి రాస్తే, జీఎస్టీ గురించి అడిగినప్పుడు కూడా ఓవర్లు, వికెట్లు పోలికలు తెచ్చిపెడుతుంది. చీటీలో ఒకచోట ‘క్లుప్తంగా’ అనీ, ఇంకోచోట ‘ప్రతి అడుగూ వివరంగా’ అనీ ఉంటే, ఒక రోజు ఒకటి, మరో రోజు ఇంకొకటి గెలుస్తుంది. సంభాషణ బాగా పొడవైపోతే, మొదట్లో ఉన్న చీటీ పట్టు సడలుతుంది. అలాంటప్పుడు వాదించకుండా కొత్త సంభాషణ తెరవడమే మేలు.

మొదటి చోటు: ఖాతా మొత్తానికీ ఒకే పెట్టె

సెట్టింగ్స్‌లో సూచనలు రాసిపెట్టే సౌకర్యం చాట్‌జీపీటీలో 2023 జులైలో వచ్చింది. మొదట డబ్బు కట్టేవారికి, మరుసటి నెల అందరికీ ఇచ్చారు. అప్పట్లో రెండు పెట్టెలుండేవి: మీ గురించి ఏం తెలియాలి, జవాబులు ఎలా ఉండాలి. ఒక్కోదానికి 1500 అక్షరాల హద్దు. తర్వాత క్లాడ్, జెమిని, మైక్రోసాఫ్ట్ కోపైలట్ అనే ఇతర అసిస్టెంట్లలోనూ ఇలాంటి చోట్లు వచ్చాయి. పేర్లు, మెనూలు అప్పుడప్పుడూ మారుతుంటాయి. సెట్టింగ్స్‌లో ‘పర్సనలైజేషన్’ లాంటి మాట ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది.

దీని గొప్పతనం సులువు. రెండు నిమిషాల పని. దీని చెడ్డతనం కూడా అదే: సులువుగా ఉంది కదా అని అన్నీ ఇక్కడే కుక్కేస్తాం. ‘నేను సేల్స్‌లో సీనియర్‌ని, పదిహేనేళ్ల అనుభవం, వృత్తిపరంగా, స్నేహపూర్వకంగా, స్పష్టంగా రాయి’ అన్న తరహా స్వపరిచయాలు ఇక్కడ చాలా కనిపిస్తాయి. వీటివల్ల జవాబుల్లో వచ్చే తేడా దాదాపు శూన్యం. స్నేహపూర్వకంగా రాయొద్దని మనం ఎప్పుడు చెప్పాం కనుక?

నా లెక్కలో ఈ పెట్టెలోకి వెళ్లాల్సింది, సంతాప లేఖ నుంచి స్టాక్ లెక్క దాకా ఏ పని అడిగినా నిజంగా వర్తించేది మాత్రమే. ఒక సూచన రాసే ముందు, అది సంతాప లేఖకు కూడా వర్తిస్తుందా అని అడుగుతాను. వర్తించకపోతే అది ఇంకోచోటికి పోవాలి. ఈ పరీక్షా, చివర్లో చెప్పబోయే ఇంకో పరీక్షా పెట్టాక నా పెట్టెలో ఇరవై రెండు వాక్యాల్లో అయిదు మిగిలాయి.

ఎవరికి ఇది ఒక్కటే చాలు? రోజంతా ఒకే రకం పని చేసేవారికి. మీరు బిల్లులు మాత్రమే చూస్తారు, లేదా సమావేశాల మినిట్స్ మాత్రమే రాస్తారు అనుకుంటే, మీకు ప్రాజెక్టులూ వద్దు, ఇంకేవీ వద్దు.

రెండో చోటు: మెమరీ

దీని గురించి నాకు మంచి అభిప్రాయం లేదు, ముందే చెప్పేస్తున్నాను. చాట్‌జీపీటీలో 2024లో మొదలైంది, 2025 ఏప్రిల్‌లో పాత సంభాషణలన్నింటి నుంచీ విషయాలు తీసుకునేలా పెంచారు. మిగతావారూ అదే దారి పట్టారు. మీరు రాయనక్కర్లేదు, మాట్లాడుతుంటే తనే ముఖ్యమనుకున్నవి పట్టి ఉంచుకుంటుంది.

ఇంటి పనులకు ఇది బాగుంటుంది. పిల్లలకు వేరుశనగ పడదని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. ఆఫీసులో మాత్రం, ఏది గుర్తుపెట్టుకోవాలో తేల్చే పని మన చేతి నుంచి జారిపోతుంది. ఒక పాత కస్టమర్‌కు, పదిహేను రోజుల్లో డబ్బు కడితే 4 శాతం తగ్గింపు ఇస్తామని ఒక్కసారి రాయించాను. మూడు వారాల తర్వాత వేరే ఊరి కొత్త కస్టమర్‌కు కొటేషన్ అడిగితే, చివర్లో అదే 4 శాతం, అదే పదిహేను రోజులు వచ్చి కూర్చున్నాయి. నేను అడగలేదు, అది చెప్పలేదు. పంపే ముందు పక్క బల్ల మీది సహోద్యోగి చూసి, ‘వీళ్లకు కూడా ఇస్తున్నామా సార్?’ అని అడిగారు కాబట్టి బతికిపోయాను.

మెమరీని పూర్తిగా ఆపేయమని అనను. ఆఫీసు ఖాతాలో ఉంచితే మాత్రం నెలకోసారి ఆ జాబితా తెరిచి చదవాలి. చదివితే నవ్వు వస్తుంది, కొంచెం భయం కూడా. ఒక్క రోజు చేసిన పనిని మీ శాశ్వత స్వభావంగా రాసి ఉంటుంది. ధరలు, తగ్గింపులు, మనుషుల జీతాలు, ఒకరి మీద ఫిర్యాదు లాంటి సంగతులు మాట్లాడేటప్పుడు తాత్కాలిక సంభాషణ వాడండి. అందులో చెప్పినవి మెమరీలోకి వెళ్లవు.

మూడో చోటు: ప్రాజెక్టు

నా ఓటు దీనికే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

ప్రాజెక్టు అంటే ఒక ఫైలు కట్ట. దానికి తన సొంత సూచనలు, తన సొంత పత్రాలు, తన సంభాషణలు ఉంటాయి. క్లాడ్‌లో 2024 జూన్‌లో వచ్చింది, చాట్‌జీపీటీలో అదే ఏడాది డిసెంబరులో. ఆఫీసు అల్మారాలో ‘టెండర్లు’, ‘బకాయిలు’ అని కట్టలు కట్టి పెట్టుకోవడం అలవాటున్నవారికి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. చాట్‌జీపీటీలో ప్రాజెక్టు సూచనకూ ఖాతా సూచనకూ పేచీ వస్తే ప్రాజెక్టుదే పైచేయి. అక్కడ మెమరీని ఆ ప్రాజెక్టు గడప దాటకుండా కట్టేసే వీలు కూడా ఉంది. ఆ 4 శాతం గొడవ తర్వాత నేను చేసిన మొదటి పని అదే.

నాకు మూడు ప్రాజెక్టులున్నాయి. కొటేషన్ల ప్రాజెక్టులో మా ఫార్మాట్, ధరల పట్టిక, జీఎస్టీ కోసం సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు ఉన్నాయి. అక్కడ పాయింట్లే కావాలి, పలకరింపు అక్కర్లేదు. రెండోది బకాయిల రిమైండర్ లేఖలు. మూడోది కార్మికులకు తెలుగులో ఇచ్చే నోటీసులు, లేఖలు. సంతాప లేఖ ఇప్పుడు ఇక్కడే పుడుతుంది. ‘పాయింట్లు వాడొద్దు’ అన్న మాట ఇక్కడి సూచనల్లో మొదటి వాక్యం.

పత్రాలు జతచేసేటప్పుడు ఒక మెలిక ఉంది. పత్రాలు పెద్దవైతే అసిస్టెంట్ వాటిని మొదటి నుంచి చివరిదాకా చదవకపోవచ్చు. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న ముక్కలను వెతికి తెచ్చుకుంటుంది. కాబట్టి ధరల పట్టిక లాంటివి పత్రంగా పెట్టవచ్చు కానీ, ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పకూడని నియమాన్ని పత్రంలో దాచకూడదు. మా కంపెనీ విధానాల పత్రం ఏడో పేజీలో ‘రవాణా ఖర్చు కొనుగోలుదారుదే’ అని ఉంది. అది మొదటి నుంచీ అక్కడే ఉంది. నాలుగు కొటేషన్లలో రెండింట్లోనే కనిపించింది. ఆ వాక్యాన్ని సూచనల పెట్టెలోకి మార్చాక మళ్లీ తప్పలేదు. రాయాల్సిన తీరు, తప్పకూడని షరతులు సూచనల్లో ఉండాలి. వెతికి చూసుకోవాల్సిన వివరాలు పత్రాల్లో ఉండాలి.

లోపం లేదా అంటే, ఉంది. సంభాషణ ఏ ప్రాజెక్టులో తెరుస్తున్నారో గమనించాలి. పొద్దున కొటేషన్ల ప్రాజెక్టులో కూర్చుని, మధ్యాహ్నం అదే కిటికీలో కార్మికుల నోటీసు అడిగితే మళ్లీ మొదటికే వస్తారు. పాత ధరల పట్టిక తీసి కొత్తది పెట్టడం కూడా మనమే గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ ఒకటో తేదీన ధరలు మార్చే కంపెనీ అయితే ఆ రోజే చేయండి, మర్నాటికి వాయిదా వేస్తే మే వస్తుంది.

నాలుగో చోటు: నలుగురూ వాడే సొంత అసిస్టెంట్

చాట్‌జీపీటీలో వీటిని జీపీటీలంటారు, 2023 నవంబరులో వచ్చాయి. గూగుల్ జెమినిలో జెమ్‌లు. కోపైలట్‌లో ఏజెంట్లు. సూచనలు, పత్రాలు కలిపి ఒక పేరు పెట్టి ఇతరులకు ఇవ్వవచ్చు. జీపీటీకైనా, కోపైలట్ స్టూడియోలో తయారుచేసే ఏజెంట్‌కైనా సూచనల హద్దు 8,000 అక్షరాలు. నిజానికి అంత అవసరం పడకూడదు.

ఒకే పనిని నలుగురైదుగురు ఒకేలా చేయాలంటే ఇదే సరైనది. మా సేల్స్‌లో ముగ్గురున్నారు. ముగ్గురి కొటేషన్లూ మూడు రకాలుగా వెళ్లేవి. ఒకరు వారంటీ రాసేవారు, ఒకరు మరిచిపోయేవారు. ఒకే అసిస్టెంట్ పెట్టాక కనీసం షరతులు ఒకేలా ఉన్నాయి. ఒక్కరే చేసే పనికి మాత్రం ఇంత సంరంభం ఎందుకు? ప్రాజెక్టు చాలు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి: అసిస్టెంట్‌కు ఇచ్చిన సూచనలు రహస్యం కావు. వాడేవారు కాస్త తెలివిగా అడిగితే అది తన సూచనలను అప్పజెప్పేస్తుంది, ‘ఎవరికీ చెప్పొద్దు’ అని రాసినా సరే. ‘బేరమాడితే 9 శాతం దాకా దిగవచ్చు’ లాంటి మాట బయటివారు వాడే అసిస్టెంట్‌లో పెట్టడమంటే గోడ మీద రాసినట్టే. రెండు: దాన్ని ఎవరి ఖాతాలో తయారుచేస్తున్నారు? మాకు తెలిసిన ఒక ఆఫీసులో చురుకైన కుర్రాడొకరు తన సొంత ఖాతాలో చేసి అందరికీ లింకు ఇచ్చాడు. ఉద్యోగం మారాడు, ఖాతా మూసేశాడు. మరుసటి సోమవారం ఎవరి కొటేషన్ వారే రాసుకున్నారు.

కోపైలట్ సంగతి కొంచెం వేరు. అది మీ ఆఫీసు ఈమెయిళ్లు, ఫైళ్లు, టీమ్స్ సంభాషణలు మీకు అనుమతి ఉన్నంత మేర చూడగలదు. కాబట్టి మీరెవరో, ఏ విభాగమో దానికి పరిచయం చేయనక్కర్లేదు. సంస్థలకు ఇచ్చే ఈ సేవ 2023 నవంబరులో మొదలైనప్పుడు ధర మనిషికి నెలకు 30 డాలర్లు. మీ కంపెనీ అంతా వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్ మీదే నడుస్తూ, ఆ ఖర్చు యాజమాన్యం భరిస్తుంటే, మీరు వేరే సాధనం వెతుక్కోవడం అనవసరం. పదిమంది ఉన్న ఆఫీసుకు నేను దాన్ని ముందుగా సూచించను.

ప్రోగ్రామర్లకు ఒక్క ముక్క: మీ సూచనలు ఖాతాలో కాక కోడ్ పక్కనే ఫైలుగా ఉండాలి. గిట్‌హబ్ కోపైలట్, క్లాడ్ కోడ్, కర్సర్ ఇవన్నీ అలాంటి ఫైలును చదువుతాయి. బృందమంతా చూస్తుంది, మార్పుల చరిత్ర ఉంటుంది. మిగతా సంగతులు మీకు నాకంటే బాగా తెలుసు.

ఇవేవీ వద్దనుకుంటే, ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. అవసరమైన సూచనలు అందులో రాసుకుని, పని పడినప్పుడు కాపీ చేసి అతికించడం. వెనకబడిన పద్ధతిలా కనిపిస్తుంది కానీ, ఏ అసిస్టెంట్‌కు మారినా మీ వెంట వస్తుంది. నెలకు రెండుసార్లు వచ్చే పనికి ఇంతకంటే మంచి చోటు లేదు. టెండరుతో పాటు కట్టే ధరావతును, అంటే ఈఎండీని, వాపసు కోరే మా లేఖల సూచన ఇప్పటికీ నోట్‌ప్యాడ్‌లోనే ఉంది.

కొలతలు చెప్పడమా, ఆది ఇవ్వడమా

చోటు తేలాక, ఏం రాయాలన్న ప్రశ్న. ఇక్కడా రెండు దారులున్నాయి. దర్జీ దగ్గరికి వెళ్తే కొలతలు ఇవ్వవచ్చు, లేదా ఆది జాకెట్టు ఇచ్చి ఇలాగే కుట్టమనవచ్చు. ఏఐకి మనం ఎక్కువగా కొలతలు చెబుతాం: మర్యాదగా, క్లుప్తంగా, గట్టిగా కానీ నొప్పించకుండా. ఆ మాటలకు దాని అర్థాలు దానికున్నాయి, మన అర్థాలు మనకున్నాయి.

కొలతలు చెప్పి తెలుగులో బకాయి రిమైండర్ అడిగినప్పుడు నాకు వచ్చింది ఇది:

‘మీ చెల్లింపు ఇంకా స్వీకరించబడలేదని మేము గమనించాము. మీ సత్వర సహకారం ఎంతగానో అభినందించబడుతుంది.’

ఏ ఊరి వ్యాపారి ఇలా రాస్తాడు? ‘బడు’ లేని వాక్యం ఒక్కటి లేదు. ఇంగ్లిషు లేఖకు తెలుగు చొక్కా తొడిగినట్టుంది. ‘సహజంగా రాయి’ అని చేర్చి చూశాను. ‘బడింది’ ఒకటి తగ్గింది, ‘దయచేసి’ రెండు పెరిగాయి.

తర్వాత నేను సొంతంగా రాసి పంపిన పాత లేఖలు మూడు తీసి, పేర్లు, మొత్తాలు మార్చి, ప్రాజెక్టు సూచనల్లో పెట్టాను. వాటిలో ఒకటి:

‘నమస్కారం. ఆగస్టు 12 నాటి ఇన్‌వాయిస్‌కు సంబంధించి రూ. 3,40,000 ఇంకా మాకు అందలేదు. ఈ వారంలో పంపగలరా? సరుకులో ఏమైనా లోపం ఉండి ఆపితే ఒక్క ఫోను చేయండి, మనిషిని పంపిస్తాం.’

ఆ ఆది చూశాక అది రాసే లేఖల్లో మూడొంతులు నేను ముట్టుకోకుండానే వెళ్తున్నాయి. ఆఖరి వాక్యం లాంటివి, అంటే సరుకు బాగాలేకపోతే చెప్పండి అనే మర్యాద, నేను ఎక్కడా నియమంగా రాయలేదు. ఆదిలోంచి పట్టేసింది.

ఆది ఇచ్చేటప్పుడు ఒకే రకానివి మూడు ఇవ్వకండి. మొదటిసారి గుర్తుచేసేది ఒకటి, మూడోసారి గట్టిగా అడిగేది ఒకటి, పాత పరిచయస్తుడికి రాసేది ఒకటి ఇవ్వండి. మూడూ ఒకే లేఖకు కవలలైతే ప్రతి జవాబూ ఆ లేఖే అవుతుంది. మాకు ఓ వారం పాటు వెళ్లిన ప్రతి లేఖలోనూ ‘మనిషిని పంపిస్తాం’ ఉంది. పంపడానికి మాకు ఉన్నది ఒకే ఒక్క సర్వీసు మెకానిక్.

నియమాలు పూర్తిగా పనికిరావని కాదు. ఆది చూసి పట్టుకోలేనివి కొన్నుంటాయి. అంకెలు లక్షలు, కోట్ల లెక్కన 12,50,000 అని రాయాలి, 1,250,000 అని కాదు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. తేదీ ముందు, నెల తర్వాత. ఇలాంటివి మాటల్లో చెప్పాల్సిందే. వద్దన్నదాన్ని చెప్పినప్పుడు, దాని బదులు ఏం కావాలో కూడా చెబితే ఇంకా బాగా వింటుంది. ‘స్వీకరించబడింది వద్దు’ అనడం కంటే, ‘స్వీకరించబడింది అనకు, అందింది అను’ అన్నది బాగా పనిచేసింది.

ఇంకో చిన్న సంగతి. నేను దానితో ‘నువ్వు’ అని మాట్లాడతాను. రెండుసార్లు అది కస్టమర్‌ను కూడా ‘నువ్వు’ అనేసింది. ‘లేఖ అందుకునేవారు ఎవరైనా సరే మీరు, పేరు తర్వాత గారు’ అన్న వాక్యం అప్పుడు పుట్టింది.

సూచనలు తెలుగులోనా, ఇంగ్లిషులోనా

దీని మీద మా ఆఫీసులోనే రెండు పక్షాలున్నాయి. ఇంగ్లిషు పక్షం వాదన స్థలం గురించి. అక్షరాల హద్దు లెక్కపెట్టేది మన కళ్లకు కనిపించే అక్షరాలను కాదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం. 1500 అక్షరాల పెట్టె తెలుగులో చూస్తుండగానే నిండుతుంది.

ఏఐ లోపల పదాలను ముక్కలుగా విడగొట్టే పద్ధతిలోనూ తెలుగుకు చాలాకాలం అన్యాయం జరిగింది. 2024 మేలో జీపీటీ-4ఓ అనే మోడల్ విడుదల చేసినప్పుడు, చాట్‌జీపీటీని తయారుచేసే ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలో, పాత పద్ధతిలో 159 ముక్కలయ్యే తెలుగు వాక్యాలు కొత్త పద్ధతిలో 45కు దిగాయి. అంటే అంతకు ముందు అదే మాటకు మనం మూడున్నర రెట్లు చోటు వాడుకున్నామన్నమాట. ఇప్పుడు ఆ భారం చాలా తగ్గింది.

నేను మధ్యేమార్గంలో ఉన్నాను. నియమాలు మీకు ఏ భాషలో తడుముకోకుండా వస్తాయో ఆ భాషలో రాయండి, రెండూ అర్థమవుతాయి. ఆది మాత్రం జవాబు ఏ భాషలో కావాలో ఆ భాషలోనే ఉండాలి. తెలుగు నోటీసు కావాలని ఇంగ్లిషు నోటీసును ఆదిగా ఇస్తే, ప్యాంటు కొలతలతో పంచె కుట్టమన్నట్టే.

రాయకూడనివి

సూచనల పెట్టెలోకి వెళ్లేది కూడా ఆఫీసు సమాచారమే అన్న సంగతి మరిచిపోతాం. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు కొందరు కంపెనీ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టిన సంగతి బయటపడ్డాక, ఆ సంస్థ అలాంటి సాధనాలను సిబ్బందికి నిషేధించింది. 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని సిబ్బందికి చెప్పింది. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవారు ఈ వ్యాసం చదివే ముందే తమ శాఖ ఉత్తర్వు చదవాలి.

సంస్థలకు అమ్మే ప్లాన్లలో మీ సంభాషణలను సాధారణంగా ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడరు. వ్యక్తిగత ఖాతాలో అది సెట్టింగ్ మీద ఆధారపడి ఉంటుంది, ఒకసారి తెరిచి చూసుకోండి. కస్టమర్ల ఫోను నంబర్లు, ఉద్యోగుల ఆధార్, జీతాలు, బ్యాంకు ఖాతాలు ఏ చోటిలోనూ రాయొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, సమాచారాన్ని భద్రంగా ఉంచని సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఆది లేఖల్లో పేర్లు, మొత్తాలు మార్చమన్నది అందుకే.

మీకు ఏది?

ఒకే రకం పని, ఒక్కరే చేస్తారు: ఖాతా పెట్టె, దాంతోపాటు ఒక ఆది. రెండు మూడు రకాల పనులు, ఒక్కరే చేస్తారు: ప్రాజెక్టులు. ఖాతా పెట్టె దాదాపు ఖాళీగా ఉంచండి. ఒకే పని, చాలామంది చేస్తారు: సొంత అసిస్టెంట్, అదీ ఆఫీసు ఖాతాలో. ఎప్పుడో ఒకసారి వచ్చే పని: నోట్‌ప్యాడ్. మెమరీని ఎంచుకోవాల్సిన సందర్భం ఆఫీసులో నాకు ఇంకా తగల్లేదు.

ఎంచుకున్నాక ఒక గంట పెట్టి పరీక్షించండి. కిందటి నెలలో చేసిన పనులు అయిదు తీసుకుని, సూచనలు లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి చేయించి, జవాబులు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపించని సూచనను తీసేయండి. మొహమాటపడకండి, మనం రాసిందని దాని మీద మమకారం ఉంటుంది. నా పదిహేడు వాక్యాలు పోయింది ఈ రెండు పరీక్షల్లోనే.

మిగిలిన అయిదూ ఇవి:

‘నేను ఇచ్చిన సమాచారంలో లేని అంకె, తేదీ, పేరు నువ్వు చేర్చకు. అవసరమైన చోట ఖాళీ గీత వదిలి, ఏం నింపాలో కింద చెప్పు.

డబ్బు లక్షలు, కోట్లలో. తేదీ, నెల, సంవత్సరం ఆ వరుసలో.

తెలుగులో అడిగితే తెలుగులో, వాడుక మాటల్లో. ఇన్‌వాయిస్, కొటేషన్, స్టాక్ లాంటి మాటలకు కొత్త తెలుగు పదాలు పుట్టించకు.

లేఖ అందుకునేవారు ఎప్పుడూ మీరు. పేరు తర్వాత గారు.

నేను అడిగింది రెండు రకాలుగా అర్థమైతే, రాయడానికి ముందు ఒక్క ప్రశ్న అడుగు.’

మా స్టోర్స్ ఇన్‌చార్జి ఇవి కాపీ చేసుకుని వెళ్లి, మొదటి రెండూ ఉంచి మిగతా మూడూ కొట్టేశారు. ఆయన లేఖలు రాయరు, స్టాక్ లెక్కలే అడుగుతారు.